అంచె గుర్రం

సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులుండి వచ్చాను. మర్నాడు ఆఫీసుకి బయల్దేరుతూ బండి సెల్ఫ్ నొక్కితే ఇంజను లేవలేదు. సీటు కింద నుంచి టకటకటకమని, వడ్రంగి పిట్ట మాను పొడిచినట్టు చప్పుడు. అలవాటు కొద్దీ కాలు కిక్ రాడ్ కోసం వెతికింది. ఈ బండికి కిక్కే లేదు. నెట్టుకుంటూ స్టార్ట్ చేద్దామా అంటే ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. పెట్రోలు పంపుకీ, లోపలి కంప్యూటరుకీ కాస్తయినా కరెంటు అందకపోతే ఎంత నెట్టినా ఆయాసమే మిగులుతుంది.

మా వీధి మెకానిక్ బ్యాటరీ విప్పి రాత్రంతా చార్జింగులో పెట్టాడు. పొద్దున్నే బిగిస్తూ, పాజిటివ్ వైరు మాత్రం తగిలించి, నెగటివ్ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో మల్టీమీటరు పెట్టాడు. తాళం నా జేబులోనే ఉంది. అయినా మీటరు 30 మిల్లీ ఆంపియర్లు చూపించింది.

"కీ తీసేసినా తాగుతానే ఉందండి" అన్నాడు.

తాగుతున్నవి నేను పెట్టించుకున్నవే. హ్యాండిల్ మీద మొబైల్ చార్జర్. దాని మీద ఓల్టులు చూపించే ఎర్రంకెలు ముచ్చటగా ఉన్నాయని ఏరి మరీ కొన్నాను. అది తాగేది 24 మిల్లీ ఆంపియర్లు. దొంగ ఎత్తుకుపోతే ఆచూకీ చెప్పే జీపీఎస్ ట్రాకర్, 6. రెండూ బ్యాటరీకి డైరెక్టుగా కలిపి ఉన్నాయి. 30 మిల్లీ ఆంపియర్లంటే ఏ మూలకి అనిపిస్తుంది. లెక్క కడితే రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు, పది రోజులకి 7.2. నా బ్యాటరీ మొత్తం 8. నేను అరిసెలు తింటున్నన్నాళ్ళూ చీకటి షెడ్డులో ఆ ఎర్రంకెలు ఎవరూ చూడకుండా వెలుగుతూ, బ్యాటరీలో ఎన్ని ఓల్టులు తగ్గాయో తామే తగ్గిస్తూ చూపిస్తూ వచ్చాయన్నమాట.

మెకానిక్ ఒక నల్లటి చిన్న డబ్బా తీశాడు. అగ్గిపెట్టెను కుదించి చదరం చేసినట్టుంది. కింద రాగి నాలుకల్లాంటి కాళ్ళు, వాటి పక్కన 30, 85, 86, 87 అని అంకెలు. "రిలే వేసేస్తే సరి" అన్నాడు.

రిలే అనే మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. వేటలో అలిసిన కుక్కల స్థానంలో, ప్రయాణంలో అలిసిన గుర్రాల స్థానంలో కొత్తవాటిని సిద్ధంగా ఉంచడం దాని మొదటి అర్థం. మనకూ దీనికి సొంత మాటుంది: అంచె. తపాలాకి దారి పొడుగునా గుర్రాలు మార్చే చోట్లు అంచెలు. 'అంచెలంచెలుగా' అని ఇప్పటికీ అంటాం, గుర్రాన్ని మరిచిపోయి.

ఈ డబ్బాకి ఆ పేరు తంతి రోజుల్లో అంటింది. తీగ పొడుగయ్యే కొద్దీ దాని నిరోధం పెరిగి, కరెంటు నీరసించిపోతుంది. పది మైళ్ళ అవతల అది పెన్సిలు కదిలించే ఓపిక కూడా లేకుండా చేరితే ఏం చేయాలి? అమెరికాలోని ఆల్బనీలో బడిపంతులుగా ఉన్న జోసెఫ్ హెన్రీ 1831లోనే గది చుట్టూ మైలు పొడవున తీగ చుట్టి, ఆ చివర అయస్కాంతంతో గంట కొట్టించాడు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసరై, 1835 ప్రాంతంలో ఇంకో మెట్టెక్కాడు. దూరాన్నుంచి వచ్చే బలహీనమైన కరెంటుతో పెద్ద పని చేయించాలని చూడలేదు. దాన్ని ఒక చిన్న విద్యుదయస్కాంతానికిచ్చాడు. ఆ అయస్కాంతం చేసే పనల్లా ఒక తీగను కలపడమో, విడదీయడమో. ఆ తీగ ఇంకో సర్క్యూట్‌ది. దానికి దగ్గర్లోనే సొంత బ్యాటరీ, వందల కిలోల బరువు మోసే మరో పెద్ద అయస్కాంతం. చిన్నది వేలు ఆడిస్తే పెద్దది పట్టు వదిలేది, బరువు ధడేలున కింద పడేది. విద్యార్థులు ఉలిక్కిపడేవారు.

హెన్రీ దీనికి పేటెంటు తీసుకోలేదు. శామ్యూల్ మోర్స్ తన టెలిగ్రాఫులో ఈ ఉపాయాన్నే వాడి 1840లో పేటెంటు సంపాదించాడు. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి కబురు పంపాడు. తర్వాత తంతి కబుర్లు ఖండాలు దాటింది ఈ అంచెల మీదే. అలిసిన కరెంటు వచ్చి తలుపు తడుతుంది, తాజా కరెంటు కబురందుకుని పరుగెడుతుంది. ఆ తర్వాత టెలిఫోను ఎక్స్ఛేంజీలు, ఆ తర్వాత లెక్కలు చేసే యంత్రాలు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌వాళ్ళ మార్క్ 2 కంప్యూటరు మొరాయిస్తే, ఒక రిలేలో ఇరుక్కున్న చిమ్మట దొరికింది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. ఆ పుస్తకం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. స్మిత్సోనియన్ సంస్థకి మొట్టమొదటి కార్యదర్శి ఎవరనుకున్నారు? జోసెఫ్ హెన్రీయే.

తర్వాత ట్రాన్సిస్టర్లొచ్చి కంప్యూటర్ల నుంచి రిలేని వెళ్ళగొట్టాయి. మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది. అంచె గుర్రం మాత్రం బళ్ళ సీటు కింద గడ్డి మేస్తూ ఉండిపోయింది.

ఆ డబ్బా లోపల ఉన్నది హెన్రీ బల్ల మీదున్నదే. సన్నటి రాగి తీగ చుట్ట, దాని మధ్య ఇనుప ముక్క, పైన కదిలే రేకు, ఆ రేకును వెనక్కి లాగుతూ ఒక స్ప్రింగు. మెకానిక్ 30 నంబరు కాలికి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు తెచ్చాడు. 87 నుంచి చార్జరుకీ, నేను పెట్టించుకున్న ఫాగ్ లైట్లకీ. 85 బాడీ ఎర్త్‌కి. 86కి మాత్రం తాళం ఆన్ చేస్తేనే కరెంటొచ్చే వైరు కలిపాడు. తాళం తిప్పగానే చుట్టలోకి 0.15 ఆంపియర్ల లాంటి కొద్దిపాటి కరెంటు వెళ్తుంది, ఇనుము అయస్కాంతమై రేకును లాక్కుంటుంది, 30కీ 87కీ మధ్య దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో 30 ఆంపియర్లు పోయినా దానికి లెక్కలేదు.

ఇంత చుట్టుదారి ఎందుకు, ఫాగ్ లైట్లను తాళం వైరుకే అతికిస్తే పోలేదా అని అడిగాను. 40 వాట్ల లైట్లు 12 ఓల్టుల మీద 3.3 ఆంపియర్లు లాగుతాయి. జోడు హారన్లు అంతకు మించి. తాళం లోపలి కాంటాక్టులూ, ఆ సన్నటి వైర్లూ కంపెనీ లెక్క ప్రకారం వేసినవి, మన సరదాల లెక్క ప్రకారం కాదు. వేడెక్కుతాయి, మాడతాయి.

అందరూ రిలే గురించి చెప్పేటప్పుడు అయస్కాంతాన్నే మెచ్చుకుంటారు. నాకేమో ఆ స్ప్రింగు మీద గౌరవం. తంతిలో రిలే పని కబురును ముందుకు తోయడం, అక్కడ గొప్ప అయస్కాంతానిదే. కానీ ఇక్కడ బ్యాటరీ దిగిపోకుండా కాపాడేది అయస్కాంతం పట్టు కాదు. తాళం తీయగానే చుట్టలో కరెంటు ఆగి, స్ప్రింగు రేకును వెనక్కి లాగేస్తుందే, అదీ. మనం మరిచిపోయినా అది మరవదు.

ముందు రోజు పొద్దున నేను విన్న టకటక కూడా ఒక రిలేదే. సెల్ఫ్ మోటారుకి వెళ్ళే పెద్ద కరెంటు బటన్ గుండా పోలేదు గనక కంపెనీయే ఒక రిలే పెడుతుంది. అది అంటుకోగానే మోటారు పదుల ఆంపియర్లు అడిగింది. నీరసపడ్డ బ్యాటరీ ఓల్టేజి కుప్పకూలింది. చుట్టకి రేకును పట్టుకునే బలం చాలక స్ప్రింగు వదిలేసింది. బరువు తగ్గగానే ఓల్టేజి లేచింది, మళ్ళీ అంటుకుంది, మళ్ళీ కూలింది. నా బొటనవేలు బటన్ మీదున్నంతసేపూ అదే వరస.

అలా దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ఇంకో నష్టం. 1859లో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను చుట్టి గంధకామ్లంలో ముంచినప్పటి నుంచీ రసాయనం మారలేదు: కరెంటు ఇచ్చేటప్పుడు పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, చార్జి చేస్తే కరిగిపోతుంది. వారాల తరబడి చార్జి చేయకపోతే అది గట్టి స్ఫటికాలుగా పేరుకుని, తర్వాత ఎంత చార్జి చేసినా పూర్తిగా కరగదు. ఇంజను ఆపి కాసేపాగి చూస్తే మంచి బ్యాటరీ 12.6 ఓల్టులకు తగ్గదు. 12.4 కన్నా తగ్గిందంటే చార్జింగుకి పెట్టాల్సిందే.

రిలే చేయలేని పనులూ ఉన్నాయి. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే, బ్యాటరీని చార్జి చేసే మాగ్నెటో ఇచ్చే కరెంటు తక్కువ. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళలో హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాని మీద ఫాగ్ లైట్లూ వేసుకుని సిగ్నలు దగ్గర నిలబడితే లోటు బ్యాటరీయే పూడ్చాలి. తాళం ఆన్‌లోనే ఉంది గనక రిలే నోరెత్తదు. ఫాగ్ లైట్లకు విడిగా స్విచ్ ఉన్నది అందుకే.

ఇంకొకటి. కరెంటు ఆపిన క్షణంలో రిలే చుట్ట ఒక్క తన్ను తంతుంది. ఆ క్షణానికి వందల ఓల్టులు కూడా పుట్టవచ్చు, సున్నితమైన ఎలక్ట్రానిక్స్‌కి అది చేటు. స్వయంప్రేరణ అనే ఈ గుణాన్ని గురించి 1832లో ప్రచురించినవాడూ హెన్రీయే, దాని కొలమానానికి పెట్టింది కూడా ఆయన పేరే. అందుకే లోపల డయోడ్ ఉన్న రిలే అడిగి వేయించుకోవడం మంచిది. అయితే దానికి 85, 86 తారుమారు కాకూడదు.

ట్రాకర్‌ని మాత్రం రిలే వెనక పెట్టలేదు. దొంగ తాళంతో రాడు కదా. అది డైరెక్టుగానే ఉంది, రోజుకి 0.14 ఆంపియర్ అవర్లు తాగుతూ. దాని ఒక్కదానితోనే బ్యాటరీ సగానికి రావాలంటే నాలుగు వారాలు పడుతుంది. అంతకన్నా ఎక్కువ రోజులు ఊరెళ్తే నెగటివ్ వైరు తీసేసి వెళ్తాను. ముందు నెగటివే తీయాలి. పాజిటివ్ విప్పుతుండగా స్పానరు ఫ్రేముకి తగిలితే నిప్పులు రాలతాయి. తిరిగొచ్చాక మీటరులో గడియారం మళ్ళీ సరిచేసుకోవాలి. ఎప్పుడూ ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో మరిచిపోతాను.