బోధన్ నుండి రోమా వరకు: నాగరికతల ఉత్థాన పతనములపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

గ్రీకు, రోమా నాగరికతలను గూర్చి చదువునప్పుడు అవి మన ఊళ్లకు సంబంధము లేని సంగతులని మనలో చాలామంది అనుకుంటారు. అయితే నిజామాబాదుకు పడమటగా, బస్సులో గంటలోపు చేరుకొనగల బోధన్ పట్టణము, ఏథెన్సు, రోమా పట్టణములు తలయెత్తుచున్న రోజులలోనే ఒక రాజ్యమునకు రాజధానిగా వెలిగినది. ఒక పట్టణము ఎందుకు లేచుచున్నది, ఎందుకు పడిపోవుచున్నది అను ప్రశ్నను ఈ మూడింటిని ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించుటకు ఈ వ్యాసములో ప్రయత్నించుచున్నాము. మా అభిప్రాయము క్లుప్తముగా ఇది: పట్టణమును శత్రువు కత్తి కంటె ముందుగా బలహీనపరచునది, దానికి తిండిని, నీటిని, శ్రమను అందించు పల్లెలతో దాని బంధము తెగిపోవుటయే.

1. ఒకే కాలపు మూడు పట్టణములు

బౌద్ధ గ్రంథమైన అంగుత్తర నికాయము 16 మహాజనపదములను పేర్కొన్నది. వాటిలో దక్షిణాపథమునకు చెందినది అస్సక లేక అశ్మక జనపదము ఒక్కటే. ఇది గోదావరి తీరములో ఉండెను. దాని రాజధాని పోతన లేక పోదన నేటి బోధనే అని చరిత్రకారులలో పలువురు గుర్తించారు. క్రీ.పూ. 6వ శతాబ్దము నాటికి ఈ జనపదములు ప్రసిద్ధిలో ఉన్నవి. అదే శతాబ్దములో, క్రీ.పూ. 594లో, ఏథెన్సులో సోలోను అప్పులపాలై బానిసలైన రైతులను విడిపించెను. క్రీ.పూ. 508లో క్లైస్తెనీసు ప్రజాపాలనకు పునాది వేసెను. రోమీయులు తమ రాజులను వెళ్లగొట్టి గణరాజ్యమును స్థాపించినది క్రీ.పూ. 509లో అని వారి సంప్రదాయము.

2. ఏథెన్సు: ధాన్యపు దారి మూసుకొనిన నాడు

ఏథెన్సు చుట్టూ ఉన్న అట్టికా నేల ఒలీవ చెట్లకు, ద్రాక్షకు మంచిదే గాని పట్టణమంతటికి చాలినంత ధాన్యము పండించలేనిది. లారియము గనుల వెండితో ఓడలను నిర్మించి, క్రీ.పూ. 480లో సలామీసు వద్ద పారసీకులను ఓడించిన ఏథెన్సు, ఆ ఓడల అండతోనే నల్ల సముద్ర తీరము నుండి ధాన్యమును తెప్పించుకొనెను. తత్వశాస్త్రము, నాటకము, శిల్పము వికసించినవి. అయితే తనతో చేరిన మిత్రపట్టణములను క్రమేణా కప్పము చెల్లించు సామంతులుగా మార్చుకొనెను.

క్రీ.పూ. 431లో స్పార్టాతో మొదలైన యుద్ధము 27 ఏండ్లు సాగినది. క్రీ.పూ. 405లో ఈగోస్పొటామి వద్ద ఏథెన్సు ఓడలు నాశనమై, ధాన్యము వచ్చు జలసంధి శత్రువు వశమాయెను. మరుసటి సంవత్సరము ఏథెన్సు లొంగిపోయెను. కోటగోడలు అప్పటికి నిలిచియే ఉన్నవి. జనులు ఆకలికి ఓడిపోయారు.

క్రీ.పూ. 338లో మాసిదోనియ చేతిలో గ్రీకు పట్టణముల స్వాతంత్ర్యము అణగారినది. కాని గ్రీకు భాష అణగారలేదు. అలెగ్జాండరు దండయాత్రల వెంట వ్యాపించిన సామాన్య గ్రీకు, ఏథెన్సు బలము ఉడిగిన మూడు నాలుగు శతాబ్దముల తర్వాత కూడ తూర్పు మధ్యధరా ప్రాంతమంతటికి సంతభాషగా నిలిచినది. క్రొత్త నిబంధన వ్రాయబడినది ఆ భాషలోనే అని మన పాఠకులకు తెలిసినదే.

3. రోమా: రైతు సైనికుని నుండి కొళాయి ఎండిన నగరము వరకు

తొలి రోమా సైన్యము చిన్న రైతుల సైన్యము. నాగలి పట్టిన చేయే ఈటె పట్టెను. క్రీ.పూ. 218 నుండి 201 వరకు హన్నిబలుతో జరిగిన యుద్ధమును, ఆ తర్వాతి దూరదేశ యుద్ధములును రైతును ఏండ్ల తరబడి పొలమునకు దూరము చేసినవి. ధనికుల ఎస్టేటులు పెరిగినవి. వాటిలో బానిసలు పని చేశారు. భూమిని తిరిగి పంచవలెనని చట్టము తెచ్చిన తిబేరియసు గ్రాకసు క్రీ.పూ. 133లో హతుడాయెను. భూమి కోల్పోయిన రైతు నగరము చేరెను. ఔగుస్తు కాలమునకు ఉచిత ధాన్యము పొందు పౌరులు 2,00,000 మంది ఉండిరి.

అదే కాలములో రోమా సంపద మన దేశమునకును ప్రవహించినది. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు భారతదేశమునకు తరలిపోవుచున్నవని ప్లినీ వాపోయెను. తెలంగాణలోని కొండాపురము, పెద్దబంకూరు త్రవ్వకములలో రోమా నాణెములు లభించినవి.

క్రీ.శ. 3వ శతాబ్దములో సైన్యపు ఖర్చులకై చక్రవర్తులు వెండి నాణెములో వెండిని తగ్గించుచు పోగా, ధరలు పెరిగి, పన్ను భారము పల్లెలపై పడినది. 330లో కాన్‌స్టాంటినోపులు రాజధాని అయిన పిమ్మట ఐగుప్తు ధాన్యము అటు మళ్లినది. రోమాకు ఉత్తర ఆఫ్రికా ధాన్యమే దిక్కాయెను. 439లో వాండలులు కార్తేజీని పట్టుకొనగా ఆ దారియు మూసుకొనెను. 476లో పశ్చిమ సామ్రాజ్యపు చివరి చక్రవర్తి పదవి పోయినప్పుడు కూలుటకు పెద్దగా మిగిలినది లేదు. 537లో గోతులు నగరమునకు నీరు తెచ్చు కాలువలను తెగగొట్టిరి. ఒకప్పుడు సుమారు 10 లక్షల జనాభా గల నగరము వేలలోనికి కుదించుకొని పోయినది. తూర్పు సామ్రాజ్యము మాత్రము 1453 వరకు నిలిచినది. జస్టీనియను 6వ శతాబ్దములో క్రోడీకరించిన రోమా న్యాయశాస్త్రము ఐరోపా చట్టములలో ఇంకను జీవించుచున్నది.

4. బోధన్: మూడు మారులు లేచిన పట్టణము

అశ్మక వైభవము తర్వాత బోధన్ పేరు మరల వేములవాడ చాళుక్యుల కాలములో వినబడుచున్నది. వారి తొలి రాజధాని ఇదియే. తర్వాత రాజధాని వేములవాడకు మారినది. జైన సంప్రదాయము పోదనపురమును బాహుబలి రాజధానిగా చెప్పుచున్నది. 10వ శతాబ్దములో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుని పేర ఇచ్చట ఇంద్రనారాయణ ఆలయము వెలసినది. 14వ శతాబ్దములో తుగ్లకుల పాలనలో మసీదుగా మారి, దేవల్ మసీదు అను పేర నేటికిని నిలిచియున్నది. ఒకే కట్టడములో పట్టణపు పలు యుగములను చదువగలము.

మూడవ మారు బోధన్‌ను లేపినది నీరు. నవాబు అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923 నుండి 1931 వరకు మంజీరపై నిజాంసాగరు నిర్మించబడినది. 2,75,000 ఎకరములకు నీరందించుట దాని లక్ష్యము. కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి స్థిరపడిన ఊళ్లు నేటికిని క్యాంపులని పిలువబడుచున్నవి. ఆ నీటిని నమ్ముకొని 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపించబడినది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు పొందినది.

చెరకుకు ఒక ప్రత్యేకత ఉన్నది. పైరు చేతికి వచ్చుటకు 10 నుండి 12 నెలలు పట్టును. కొట్టిన గడను ఒకటి రెండు రోజులలో గానుగాడించనిచో చక్కెర శాతము పడిపోవును. వడ్లను వలె గాదెలో దాచి మంచి ధర కొరకు వేచియుండుట సాధ్యము కాదు. కావున చెరకు నాటు రైతు ఏడాది ముందుగానే ఫ్యాక్టరీ ఆడునని, బిల్లు వచ్చునని నమ్మవలెను. నమ్మకము పోయిన మరుసటి ఏట అతడు వరి వైపో, సోయా వైపో మళ్లును. గడలు తగ్గిన ఫ్యాక్టరీకి నష్టము పెరుగును. నష్టము పెరిగినకొద్ది బిల్లులు ఆలస్యమగును.

ఇటు నీరును తగ్గినది. మొదట 29 టి.ఎం.సీ.లు పట్టిన నిజాంసాగరు పూడికతో సగమునకు పైగా కోల్పోగా, 1970లలో ఎత్తు పెంచియు సుమారు 17 టి.ఎం.సీ.లకే చేరగలిగిరి. సింగూరు ఆనకట్ట తర్వాత మంజీర నీటిలో కొంత హైదరాబాదు దాహమునకు మళ్లినది. 2002లో కర్మాగారపు 51 శాతము వాటా ప్రైవేటు చేతికి వెళ్లినది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించబడి యంత్రములు ఆగినవి. 2024 జనవరిలో పునఃప్రారంభమును పరిశీలించుటకు రాష్ట్ర ప్రభుత్వము ఒక కమిటీని నియమించినది.

5. గ్రహించవలసినవి

సామ్రాజ్యమును, చక్కెర ఫ్యాక్టరీని ఒకే త్రాసులో తూచుట తగునా అని పాఠకులు అడుగవచ్చును. పరిమాణములో తగదు, పనితీరులో తగును. ఏథెన్సుకు జలసంధి, రోమాకు ఆఫ్రికా ధాన్యము, బోధన్‌కు మంజీర కాలువ: మూడును పట్టణము వెలుపల ఉన్న ప్రాణనాళములే. ప్రతి చోట మొదట నష్టపోయినవాడు పొలములోని మనిషి. అతని నష్టమును చివరకు గుర్తించినది పట్టణము.

మరియొక సంగతి. 410లో గోతులు రోమాను దోచుకొనినప్పుడు, ప్రాచీన దేవతలను విడిచినందుకే ఈ శిక్ష అని కొందరనిరి. దానికి జవాబుగా అగస్టీను దైవ నగరము అను గ్రంథమును ఆరంభించెను. పతనమును చూచి వెంటనే ఒకరిపై నేరము మోపుట సులభము. బోధన్‌లో కూడ నేరము ఒక్కరి తలపై వేసినంత మాత్రమున పూడిక తీయబడదు, రైతు నమ్మకము తిరిగి రాదు.

ముగింపు

పడిపోయినదంతయు నశించునని చరిత్ర చెప్పుటలేదు. ఏథెన్సు భాష, రోమా చట్టము, బోధన్‌లో గుడి స్తంభములు మిగిలినవి. కాని వాటిని మోసినవారు రాజులు కారు. ఆ భాషను మాట్లాడుచు, ఆ చట్టము క్రింద బ్రతుకుచు, ఆ ఊరిని విడువని సామాన్యులు. ఒకసారి కాదు, మూడుసార్లు లేచిన బోధన్ నాలుగవ మారు లేచుట అసాధ్యమని మేము అనుకొనుటలేదు. అయితే అది యంత్రములను తుడిచి నడుపుటతో మొదలు కాదు. కాలువ చివరి ఎకరమునకు నీరు చేరుట, గడ తూచిన చేతికి సకాలములో డబ్బు అందుట, ఈ రెండింటితో మొదలు కావలెను. పట్టణము నిలుచుటయు పడుటయు అక్కడనే నిర్ణయమగునని ఏథెన్సు, రోమా చరిత్రలు మనకు నేర్పుచున్నవి.