35 స్టేజీలు గెలిచినవాడు టూర్ ఎందుకు గెలవలేదు?

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో అందరికంటే ఎక్కువ స్టేజీలు గెలిచినవాడు మార్క్ కావెండిష్. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1985లో పుట్టాడు. 2008 నుంచి 2024 దాకా 35 స్టేజీలు గెలిచి, బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ 34 విజయాల రికార్డును దాటాడు. మెర్క్స్ అయిదుసార్లు టూర్ విజేత. కావెండిష్ ఒక్కసారి కూడా కాదు. అసలు ఆ ఆశతో బరిలోకి దిగనేలేదు.

ఎందుకు?

టూర్‌లో రోజుకొకటిగా 21 స్టేజీలుంటాయి. వాటన్నిటికీ కలిపి తక్కువ సమయం తీసుకున్నవాడే విజేత. చదును దారిలో గుంపంతా ఒక్కటిగా ముగింపు గీత దాటితే అందరికీ ఒకే సమయం రాస్తారు. మొదట వచ్చినవాడికి పేరు, పాయింట్లు, కొద్ది సెకన్ల బోనస్ దక్కుతాయి, అంతే. నిమిషాల తేడా వచ్చేది ఆల్ప్స్, పిరనీస్ కొండల మీద. అక్కడ ప్రతి కిలో బరువూ కాళ్లను వెనక్కి లాగుతుంది. కావెండిష్ లాంటి స్ప్రింటర్‌కు, అంటే ముగింపు గీత దగ్గర ఒక్కసారిగా వేగం పెంచేవాడికి, బలమైన తొడలుంటాయి. ఒక్కసారిగా శక్తినంతా విడుదల చేసి త్వరగా అలిసిపోయే కండరాలవి. గంటసేపు కొండ ఎక్కడానికి అక్కరకు రావు.

స్ప్రింటర్ గుంపులో చివరిదాకా ఎందుకు దాక్కుంటాడు?

ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకు ఈ సంగతి తెలుసు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దాన్ని చీల్చుకుపోవడానికి ఎనిమిదింతల శక్తి కావాలి. అందుకే జట్టు సహచరులు వరసగా అతని ముందుండి గాలిని తామే అడ్డుకుంటారు. వేగం పెంచుతూ, అలిసినవాళ్లు అలిసినట్టు పక్కకు తప్పుకుంటారు. చివరి మనిషి తప్పుకునేసరికి గీత సుమారు 200 మీటర్ల దూరంలో ఉంటుంది. ఇక స్ప్రింటర్ వంతు: గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో పదీ పదిహేను సెకన్లు.  కావెండిష్ హ్యాండిల్ మీదికి బాగా వంగిపోయేవాడు కాబట్టి గాలికి తగిలే ఒళ్లు తక్కువ.

ముందు నడిపేవాడి విలువ ఎంతటిదో రెండు ఫలితాలు చెబుతాయి. 2009లో పారిస్ షాన్జెలిజే వీధిలో కావెండిష్ గెలిస్తే, అతణ్ని అక్కడిదాకా తెచ్చిన సహచరుడు మార్క్ రెన్షా రెండోవాడిగా వచ్చాడు. 2021లో కార్కసోన్‌లో 34వ విజయం దక్కినప్పుడు రెండో స్థానం మరో సహచరుడు మైకేల్ మోర్కోవ్‌ది.

మరి స్ప్రింటర్ కొండలు ఎలా దాటుతాడు?

ఏ రోజుకారోజు గడువు ఉంటుంది. విజేత సమయం మీద ఇంత శాతం అని లెక్కగట్టి, ఆలోపు చేరనివాళ్లను ఇంటికి పంపేస్తారు. స్ప్రింటర్లంతా వెనకాల ఒక గుంపుగా చేరి, గడియారం చూసుకుంటూ కొండలు దాటుతారు. ఆ గుంపును ఫ్రెంచివాళ్లు ఆటోబస్ అంటారు. 2018లో లా రోజియేర్ కొండ మీద కావెండిష్‌కు గడువు దాటిపోయింది. దాటిపోయిందని తెలిసీ మధ్యలో దిగకుండా గీతదాకా తొక్కాడు.

కావెండిష్ ఇన్నేళ్లు ఎలా నిలిచాడు?

2016 నాటికి 30 స్టేజీలు గెలిచాడు. ఆ తర్వాత ఎప్‌స్టీన్ బార్ వైరస్ శరీరాన్ని పీల్చేసింది. 2017లో పడి భుజం ఎముక విరిగింది. ఆపై డిప్రెషన్. ఇక అయిపోయాడనుకున్న మనిషి, 2021లో సహచరుడు గాయపడటంతో చివరి క్షణంలో జట్టులోకి వచ్చి నాలుగు స్టేజీలు గెలిచాడు. 2023లో అదే ఆఖరి ఏడాదన్నాడు గానీ, టూర్‌లో కాలర్ ఎముక విరగడంతో మరో ఏడాది కొనసాగాడు.

2024 టూర్ మొదటి రోజే ఇటలీ ఎండకు వాంతులయ్యాయి. గుంపు ముందుకు వెళ్లిపోయింది. సహచరులు మాత్రం అతని వేగానికే తొక్కుతూ, గడువులోపు గీత దాటించారు. నాలుగు రోజుల తర్వాత, జులై 3న, సెయింట్ వుల్బాస్‌లో 35వ విజయం వచ్చింది. రికార్డులో ఒక్కడి పేరే ఉంటుంది. కానీ ఆ మొదటి రోజు అతని కోసం వెనకబడినవాళ్లు లేకపోతే, అయిదో రోజున అతను పోటీలోనే ఉండేవాడు కాదు.