రైలు లాభం ఎవరిది, నష్టం ఎవరిది?

నేను రియాదు నగరంలో అల్ అజీజియా పేటలో ఉంటాను. మా బిల్డింగులో నిజామాబాదు, జగిత్యాల వాళ్ళు ఉన్నారు, కడప వాళ్ళున్నారు, కోనసీమ వాళ్ళూ ఉన్నారు. శుక్రవారం నాడు భోజనాలయ్యాక మాటల్లో తరచుగా వచ్చే విషయం రైళ్ళు. "మన రైల్వేని కూడా ప్రైవేటు వాళ్ళకి ఇచ్చేస్తే ఈ రియాదు మెట్రోలాగా తళతళలాడుతుంది" అని ఒకరు అంటారు. "ఇస్తే మనం టిక్కెట్టు కొనగలమా?" అని ఇంకొకరు అడుగుతారు. ఈ రెండు మాటలకీ జవాబు చరిత్రలో ఉంది. ఆ కథ బ్రిటన్లోనూ ఉంది, మన హైదరాబాదులోనూ ఉంది. ఈ ప్రసంగంలో రెండూ కలిపి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు మన కళ్ళెదుట ఉన్నదాన్ని చూద్దాం. రియాదు మెట్రో 2024 డిసెంబరు 1న మొదలైంది. ఆరు లైన్లు, 176 కిలోమీటర్లు, 85 స్టేషన్లు. అజీజియా మీదుగా పోయేది బ్లూ లైను. రెండు గంటల టిక్కెట్టు 4 రియాళ్ళు. చాలామంది ఇది ప్రైవేటు వాళ్ళదనే అనుకుంటారు. కాదండీ. పెట్టుబడి ప్రభుత్వానిది, ఆస్తి ప్రభుత్వానిది. బ్లూ లైన్ని నడపడానికి ఫ్రాన్సుకు చెందిన ఆర్ఏటీపీ డెవ్, ఇక్కడి సాప్ట్‌కో కలిసి పెట్టిన సంస్థకి కాంట్రాక్టు ఇచ్చారు. అంటే ఇల్లు ప్రభుత్వానిది, ప్రైవేటు వాళ్ళు జీతం తీసుకుని పనిచేసే మేస్త్రీలు. నాలుగు రియాళ్ళ టిక్కెట్టుతో ఇంత కట్టడం ఖర్చు ఎప్పటికీ తిరిగి రాదు. ఆ తేడా రాజ్య ఖజానా భరిస్తోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని బ్రిటన్ వెళ్దాం.

బ్రిటన్లో రైళ్ళు మొదట అన్నీ ప్రైవేటు కంపెనీలవే. వందలకొద్దీ కంపెనీలు పోటీ పడి పట్టాలు వేశాయి. ఒకే ఊరికి రెండు మూడు కంపెనీల లైన్లు వెళ్ళేవి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం చట్టం చేసి, 1923లో వాటిని నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపింది. రెండో యుద్ధంలో పట్టాలు, ఇంజన్లు అరిగిపోయాయి. బాగుచేసే డబ్బు కంపెనీల దగ్గర లేదు. 1948 జనవరి 1న ప్రభుత్వమే అన్నిటినీ తీసుకుని బ్రిటిష్ రైల్వేస్ పెట్టింది.

ఆ తర్వాత కార్లు, లారీలు పెరిగాయి. రైళ్ళకి నష్టాలు మొదలయ్యాయి. 1963లో రిచర్డ్ బీచింగ్ గారు ఒక నివేదిక ఇచ్చారు. 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ళ లైన్లు మూసెయ్యమని అందులో ఉంది. చాలావరకు అలాగే మూసేశారు. అయినా నష్టం పోలేదు. కారణం మనకి తెలిసిందే. వాగులు ఎండగట్టి చెరువు నిండాలంటే ఎలా నిండుతుంది? చిన్న లైను మీద వచ్చే మనిషే పెద్ద లైను ఎక్కుతాడు. చిన్న లైను తీసేస్తే అతను ఇంటి దగ్గరే కారు కొనుక్కుంటాడు, ఇక పెద్ద స్టేషనుకి కూడా రాడు.

1993లో జాన్ మేజర్ ప్రభుత్వం ప్రైవేటీకరణ చట్టం తెచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, రైల్వేని ఒక్కరికే అమ్మలేదు, ముక్కలు చేశారు. పట్టాలు, సిగ్నళ్ళు, స్టేషన్లు రైల్‌ట్రాక్ అనే సంస్థకి పోయాయి. దాన్ని 1996లో షేర్ మార్కెట్టులో అమ్మేశారు. పెట్టెలు, ఇంజన్లు మూడు అద్దె కంపెనీలకి వెళ్ళాయి. రైళ్ళు నడిపే పనిని పాతిక కంపెనీలకి కొన్నేళ్ళ చొప్పున ఫ్రాంచైజీలుగా ఇచ్చారు. పట్టాల మరమ్మతు ఇంకా వేరే కాంట్రాక్టర్లది. అమ్మిన ధరలు ఎలా ఉన్నాయో ఒక్క లెక్కతో తెలుస్తుంది. పోర్టర్‌బ్రూక్ అనే అద్దె కంపెనీ 52 కోట్ల 70 లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. ఏడాది తిరగకముందే స్టేజ్‌కోచ్ సంస్థ దాన్ని 82 కోట్ల 50 లక్షలకి కొన్నది. మధ్యలో మిగిలిన సొమ్ము ఎవరికి పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

2000 అక్టోబరు 17న లండన్‌కి ఉత్తరాన హాట్‌ఫీల్డ్ దగ్గర ఒక పట్టా ముక్కలై రైలు పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. ఆ పట్టాలో పగుళ్ళున్నట్టు అంతకుముందే తెలుసు. మార్చాలని కూడా అనుకున్నారు. కానీ పట్టా ఒకరిది, చూసేవాడు ఒకడు, మార్చేవాడు ఇంకొకడు, దానికోసం రైళ్ళు ఆపితే నష్టపరిహారం అడిగేవాడు మరొకడు. అనుభవమున్న ఇంజనీర్లు కాంట్రాక్టు సంస్థలకి చెదిరిపోయారు. ఇలాంటి పగుళ్ళు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టాల యజమానికే సరిగ్గా తెలియలేదు. దానితో దేశమంతటా వెయ్యికి పైగా చోట్ల వేగం తగ్గించెయ్యాల్సి వచ్చింది. ఆ ఖర్చులతో రైల్‌ట్రాక్ కుదేలయ్యి, 2001 అక్టోబరులో దివాలా దారి పట్టింది. 2002లో పట్టాలు నెట్‌వర్క్ రైల్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతికి వచ్చాయి.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. 1990ల నడుమ ఏటా 73 కోట్ల చిల్లర ఉన్న ప్రయాణాలు 2018-19 నాటికి 170 కోట్లు దాటాయి. రైళ్ళ సంఖ్య పెరిగింది. కాబట్టి ప్రైవేటు వల్ల మొత్తం నాశనమైందనడం తప్పు. కానీ ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ మాత్రం ఆగలేదు. ఈస్ట్ కోస్ట్ లైను తీసుకున్న కంపెనీలు ఎక్కువ ఆశపడి వేలం పాడి, లెక్క తప్పాక చేతులెత్తేశాయి. 2009లో ఒకసారి, 2018లో మరోసారి ఆ లైను ప్రభుత్వం ఒళ్ళోనే పడింది. 2020లో కోవిడ్ వచ్చి ప్రయాణికులు మాయమవగానే నష్టమంతా ఖజానా మీదికి వచ్చింది, ఫ్రాంచైజీ పద్ధతి అంతటితో ముగిసింది. 2024లో చట్టం చేసి, గడువు తీరిన కొద్దీ ఒక్కొక్క కంపెనీని ప్రభుత్వపరం చెయ్యడం మొదలుపెట్టారు. 2025 మే నెలలో సౌత్ వెస్టర్న్ రైల్వేతో ఆ పని ఆరంభమైంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. వాడి నుంచి సికింద్రాబాదుకి మొదటి రైలు 1874లో వచ్చింది. దాన్ని తూర్పుగా పొడిగించాలని 1883లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఈ పేరులో గ్యారంటీడ్ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మన ఊళ్ళో ఒకాయన హోటలు పెడతానన్నాడనుకోండి. "నా పెట్టుబడి మీద ఏడాదికి నూటికి 5 రూపాయలు తప్పకుండా రావాలి, తక్కువైతే ఊరంతా చందాలు వేసుకుని నాకివ్వాలి" అన్నాడనుకోండి. ఒప్పుకుంటామా? గ్యారంటీ అంటే అదే. డబ్బు పెట్టినవాళ్ళు లండన్లో ఉంటారు. బండి నిండినా ఖాళీగా పోయినా వాళ్ళ వడ్డీకి ఢోకా లేదు. తరుగు పడితే పూడ్చేది నిజాం ఖజానా, అంటే శిస్తు కట్టే తెలంగాణ, మరాఠ్వాడా రైతు.

దీన్ని ఆనాడే ప్రశ్నించినవాళ్ళున్నారు. ఈ పొడిగింపుకి చాందా రైల్వే పథకమని పేరు. ప్రజలకి వివరాలు తెలియకుండా ఇంత భారం ఎలా ఒప్పుకుంటారని హైదరాబాదులో విద్యావంతులు సభలు పెట్టారు. వాళ్ళలో ముందున్నవారు హైదరాబాదు కాలేజీ ప్రిన్సిపాల్ అఘోరనాథ చటోపాధ్యాయ గారు, సరోజినీ నాయుడు గారి తండ్రి. ప్రతిఫలంగా 1883 మే నెలలో ఆయన్ని ఉద్యోగం నుంచి తప్పించి, నగరం విడిచి పొమ్మన్నారు. లెక్క అడిగినందుకు పడిన శిక్ష అది.

ఆ ఆందోళనలో ఉన్న మరో పెద్దమనిషి ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు. ఆయన పేరు మనం ఉంటున్న ఈ దేశంతో కూడా ముడిపడింది. 1900లో డమాస్కస్ నుంచి మదీనాకి హిజాజ్ రైలు కట్టడం మొదలైతే, హైదరాబాదులో దానికోసం విరాళాలు పోగుచేసినవారు ఆయనే. దాదాపు 1,300 కిలోమీటర్ల ఆ లైను 1908లో మదీనా చేరింది. విదేశీ అప్పు లేకుండా, ప్రపంచంలోని ముస్లింల విరాళాలతో, ఒట్టోమాన్ ఖజానా సొమ్ముతో కట్టారు. వడ్డీ గ్యారంటీ రైలుని వద్దన్న మనిషే అప్పులేని రైలుకి జోలె పట్టాడు. ఆయన వ్యతిరేకత రైలు మీద కాదని, డబ్బు షరతుల మీదని దీనివల్ల తెలుస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ లైను దెబ్బతిని మదీనా వైపు మూతబడింది. మదీనా స్టేషన్ ఇప్పుడు మ్యూజియం.

హైదరాబాదు లైను 1889లో బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు కదిలింది, వరంగల్లుకి సరుకు వచ్చింది. రైలు వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. కానీ 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం డబ్బు చెల్లించి కంపెనీ దగ్గర నుంచి రైల్వేని కొనేసింది. రెండేళ్ళకి, 1932 జూన్‌లో, అదే రైల్వే 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖని మొదలుపెట్టింది. రైలు దిగిన మనిషి బస్సెక్కి ఊరికి పోయేలా రెండూ ఒకే యాజమాన్యంలో ఉండేవి. మనం ఎక్కే ఆర్టీసీ బస్సు ఆ 27 బస్సుల సంతానమే. బ్రిటన్ 1990లలో ముక్కలు చేసిన పనికి ఇది సరిగ్గా తలకిందులు.

మళ్ళీ మన కాలానికి వస్తే హైదరాబాదు మెట్రో. 2008లో మేటాస్ బృందం వేలం గెలిచింది. ప్రభుత్వం సాయం చెయ్యక్కర్లేదు, మేమే 30 వేల కోట్ల పైచిలుకు ఇస్తామంది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు ఇది భూముల మీద కన్నేసిన లెక్క అని అప్పుడే హెచ్చరించారు. 2009లో సత్యం కుంభకోణంతో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టికి వచ్చింది. 2017 నవంబరులో రైలు కదిలింది. సుమారు 69 కిలోమీటర్లు బాగా కట్టారు, జనం ఎక్కుతున్నారు. కానీ అప్పుల వడ్డీ టిక్కెట్ల సొమ్ముని మింగేసింది, మాల్స్ మీద ఆశించిన ఆదాయం రాలేదు, కోవిడ్ వచ్చి పడింది. 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం సుమారు 13 వేల కోట్ల అప్పు భారం తాను తీసుకుని, కంపెనీ వాటాకి సుమారు 2 వేల కోట్లు ఇచ్చి, మెట్రోని తన చేతికి తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చిత్రమేమిటంటే ఇదే ఎల్ అండ్ టి రియాదు మెట్రో ఆరెంజ్ లైను కట్టిన బృందంలో ఉంది. అక్కడ యజమాని, ఇక్కడ పనివాడు. కంపెనీ ఒకటే, పని నేర్పు ఒకటే. తేడా అంతా నష్టం ఎవరి నెత్తిన పెట్టారన్న దగ్గరే ఉంది.

2020లో భారత రైల్వే కూడా 109 మార్గాల్లో 151 ప్రైవేటు రైళ్ళకి పిలుపు ఇచ్చింది. సికింద్రాబాదు కూడా ఆ జాబితాలో ఉంది. 2021లో చివరికి బిడ్లు వేసినవి రెండే సంస్థలు, ఒకటి రైల్వే సొంత సంస్థ ఐఆర్‌సీటీసీ, రెండోది మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్. పథకం ముందుకు సాగలేదు. నష్టం తమ మీద పడుతుందంటే వచ్చేవాళ్ళు తక్కువ.

అందుకని ఈసారి ఎవరైనా ప్రైవేటా, ప్రభుత్వమా అని వాదన పెడితే, మూడు ప్రశ్నలు అడగండి. పట్టా పగిలితే జవాబు చెప్పేది ఎవరు? జనం ఎక్కని రోజు వడ్డీ కట్టేది ఎవరు? లాభం రాని చిన్న ఊరికి బండి వేసేది ఎవరు? మూడింటికీ ప్రభుత్వమే అని జవాబు వస్తే, లాభం ఒక్కటే వేరేవాళ్ళకి ఎందుకు ఇవ్వాలో కూడా అడగండి. మనం ఇక్కడి నుంచి పంపే డబ్బుతో అక్కడ మన పిల్లలు టిక్కెట్టు కొంటారు, పన్నూ కడతారు. ఆ లెక్క అడిగే హక్కు మనకుంది. ఈ రోజుల్లో అడిగినందుకు ఊరు విడిచి పొమ్మనరు. సెలవు.