పిలువకుండ జరుగవలసిన పని



ఇంటిలోని పిల్లలు ఫోనుపై మీట నొక్కగానే ఎచ్చటనో యున్న కంప్యూటరొకటి ఆ కోరిక నందుకొని బదులు పంపుచున్నది. ఇందుకై దానిలో నడచు ప్రోగ్రామును సర్వరందురు. సేవ చేయునదని యర్థము. పిలిచినపుడు పలుకుట దాని ధర్మము. కాని యెవరును పిలువకున్నను వేళకు జరుగవలసిన పనులును దానికి గలవు, ఇంటికి కసవూడ్చుట వంటివి. వానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇటలీ దేశీయుడగు సాల్వటోరె శాన్‌ఫిలిప్పో 2009లో వెలువరించిన రెడిస్ అను సర్వరును గైకొందము. బ్యాంకువారు ఫోనునకు పంపు అంకెలు కొద్ది నిముషములకే చెల్లకుండుట మీరెరిగినదే. అట్టి గడువుగల విషయములను దాచుటకు రెడిస్ అనుకూలము. గడువు దీరినదాని నెవరైన నడిగినచో నప్పుడే గుర్తించి తొలగించును. ఎవరును అడుగనివి మాత్రము మూలబడి చోటు నాక్రమించుచుండును. వాని నూడ్వవలయును. చిక్కేమనగా, కోరికలను నెరవేర్చు ముఖ్యమైన పనివాడచ్చట నొక్కడే, ఊడ్చువాడును వాడే. లక్షలకొలది వస్తువుల నొక్కమారే యూడ్వ బూనెనా, వాకిట నిలిచినవారికి బదులుండదు.

కనుక వాడు చేతిలో పనిలేనపుడు ఆపరేటింగ్ సిస్టముతో నొక మాట చెప్పి పండుకొనును: "ఎవరైన వచ్చిన లేపుము, రాకున్నను ఇంతసేపటికి లేపుము." ఇంతసేపనగా, అన్నిటికంటె ముందు జరుగవలసిన పనికి మిగిలిన కాలము. రెడిస్‌లో మామూలుగా సెకనునకు 10 విడతలు. విడతలో గడువుగల వస్తువులను 20 చొప్పున పరీక్షించి, చెల్లినవానిని పారవేయును. చెల్లినవే మెండుగా నున్నచో మరల 20. ఐనను తన కాలములో సుమారు నాలుగవ పాలుకు మించి దీనికి వెచ్చింపదు. పని సగములో నున్నను ఆపి, మిగిలినది తరువాతి విడతకు విడుచును. నాకీ నియమము మిక్కిలి నచ్చినది.

ఇక తరువాతి విడతను ఎప్పటినుండి లెక్కింపవలయును? సూక్ష్మమిందే యున్నది. పూర్వము ముహూర్తములకు గడియగిన్నె నుంచెడివారు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నె నీటిపై తేలుచు 24 నిముషములకు మునుగును. దానిని తీసి మరల నుంచువాడు కొంచె మాలసించినచో, ఆ యాలస్యము తరువాతి గడియల కన్నిటికిని సంక్రమించును. ముహూర్తమున నది దోషము. రెడిస్ ఊడ్పు సరిగా నిట్లే నడచును. ఒక విడత ముగిసిన పిమ్మటనే తరువాతిదానికి గడువు పెట్టుకొనును. ఇచ్చట నది గుణము. ఏలయన, గోడ గడియారమును బట్టి బాకీపడిన విడతలన్నియు తీర్పబూనినచో, పనివాడు చీపురు విడువడు, వచ్చినవారు వాకిలి విడువరు.

అయితే నిముషమున కొకమారు లెక్క వ్రాయుట వంటి పనులకు కాలమే ప్రధానము. పైథాన్ భాషకు చెందిన ట్విస్టెడ్ అను ఉపకరణము మొదటి విడతనుండియే లెక్కించును. 10 గంటలకు మొదలైన పని, 10.05 విడతలో జాగై 10.07 దాటి 30 సెకనులకు ముగిసెననుకొనుడు. 10.06, 10.07 విడతలు పోయినట్లే. తప్పిన తిథికి మనము అమావాస్యనాడైన పెట్టుదుము. ఇది యదియు చేయదు. సరిగా 10.08కి మరల మొదలిడును.