పల్నాడు ఎండకు ఏ తారు?

రోడ్డుకు వేసే నల్లటి జిగురును జనం తారు అంటారు. నిజానికి అది బొగ్గు నుంచి తీసే తారు కాదు, ముడిచమురును శుద్ధి చేయగా అడుగున మిగిలే బిటుమెన్. వేడెక్కితే మెత్తబడటం, చల్లబడితే బిగుసుకోవడం దాని గుణం. సిమ్లా రోడ్డును ఏళ్ల తరబడి పట్టి ఉంచే రకం, పల్నాడులోని రెంటచింతలలో ఒక్క మే నెలకే లారీ చక్రాల కింద చాళ్లు పడిపోతుంది.

2006 వరకు మన దేశంలో తారు గ్రేడును సూదితో తేల్చేవారు. 25 డిగ్రీల వద్ద 100 గ్రాముల బరువుతో 5 సెకన్లలో సూది ఎంత లోతుకు దిగిందో చూసి 60/70, 80/100 అని పేర్లు పెట్టేవారు. పల్నాడులో సంక్రాంతి నాటి మిట్టమధ్యాహ్నం కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఒకేలా కనిపించిన రెండు తారుల్లో ఒకటి 60 డిగ్రీల దగ్గర గట్టిగా నిలిస్తే, రెండోది జారిపోవచ్చు. ఆ తేడా సూదికి తెలియదు. అందుకే తారుకు వర్తించే ఐఎస్ 73 ప్రమాణాన్ని సవరించి, ఎండాకాలంలో రోడ్డు ఉపరితలం చేరే 60 డిగ్రీల దగ్గరే చిక్కదనాన్ని కొలవడం మొదలుపెట్టారు. వీజీ (విస్కాసిటీ గ్రేడ్) 10, 20, 30, 40 గ్రేడ్లు అలా వచ్చాయి.

2013 నాటి సవరణ ఈ గ్రేడ్లను ఊరి ఎండతో ముడిపెట్టింది. వరుసగా ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 38 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే వీజీ 30, 45 దాటితే వీజీ 40. రోహిణి కార్తెలో పల్నాడు సరిగ్గా ఈ గీత మీదే నిలబడి ఉంటుంది. అమెరికాలో 1987–93 పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతిలో గ్రేడుకు రెండు అంకెలుంటాయి: రోడ్డు ఎంత వేడిని తట్టుకోవాలి, ఎంత చలిని తట్టుకోవాలి అని. పల్నాడుకు ఆ రెండో అంకెతో దాదాపు పనే లేదు. ఇక్కడి పరీక్షంతా ఎండదే.

ఎండకు బరువు తోడైతే కథ మారుతుంది. దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల సిమెంటు, సున్నపురాయి లారీలు అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద తిరుగుతాయి. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా ఇరుసు బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్ రోడ్డు పరీక్షలు చూపాయి. ఆ లెక్కన 13 శాతం బరువు పెరిగితే నష్టం 60 శాతం పెరుగుతుంది. లారీ నెమ్మదిగా కదిలే చోట తారు మీద ఒత్తిడి ఎక్కువసేపు నిలుస్తుంది. ఫ్యాక్టరీ గేట్ల ముందు, కూడళ్ల దగ్గర చాళ్లు ముందుగా పడేది అందుకే. అలాంటి చోట వీజీ 40, లేదా పాలిమర్ కలిపిన తారు వాడటమే న్యాయం. అయితే వీజీ 40ని 160–170 డిగ్రీల వేడిలో కలపాలి, 150కి తగ్గకుండా పరచాలి. ప్లాంటు దూరమై దారిలో మిశ్రమం చల్లారిపోతే మంచి గ్రేడు కొన్న డబ్బంతా వృథా.

తారు ఒక్కటే రోడ్డు కాదు. కంకర, తారు ఏ పాళ్లలో కలపాలో మార్షల్ పరీక్షతో తేలుస్తారు. భారీ రద్దీకి వేసే పైపొర నమూనాను ఒక్కో వైపు 75 దెబ్బలు కొట్టి, 60 డిగ్రీల నీటిలో నానబెట్టి, ఎంత బరువు మోస్తుందో చూస్తారు. లోపల 3 నుంచి 5 శాతం ఖాళీ మిగలాలి. అంతకు తగ్గితే ఎండలో వ్యాకోచించే తారుకు చోటు దొరక్క పైకి ఉబుకుతుంది. పెరిగితే వాననీరు లోపలికి దిగుతుంది.

పల్నాడులో రాయికి కొదవ లేదు. కానీ ఇంటి కప్పులకూ, పొలం గట్లకూ వాడే నాపరాయి పొరలు పొరలుగా చీలే సున్నపురాయి. దాన్ని పగలగొడితే బిళ్లల్లాంటి ముక్కలు వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటి పలచటి, పొడుగాటి ముక్కలు 35 శాతం మించకూడదని నిబంధన. పైగా సున్నపురాయి టైర్ల రాపిడికి నునుపు తేలి, వానలో బండి జారేలా చేస్తుంది. పైపొరకు గ్రానైట్ వంటి గట్టి రాయి కావాలి. ఆ గట్టి రాయికీ ఒక బలహీనత ఉంది: నీళ్లు తగిలితే తారును వదిలేస్తుంది. తడిపిన నమూనా బలం తడపని దానిలో కనీసం 80 శాతం ఉండాలి. అంత లేకపోతే కంకర బరువులో 2 శాతం తడిసున్నం కలుపుతారు. సున్నం క్షారం, తారులో ఆమ్ల గుణముంది. అందుకే రెండూ పట్టుకుంటాయి. సున్నపు బట్టీల పిడుగురాళ్ల ఈ జిల్లాలోనే ఉంది. మందు ఇంత దగ్గరే దొరుకుతుంది.

అదే సున్నం నేలకూ పనికొస్తుంది. నరసరావుపేట చుట్టుపక్కల నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. నేల కదిలితే పైన ఎంత గట్టి తారు వేసినా అంచుల వెంట పొడుగాటి పగుళ్లు తప్పవు. తారు మరీ బిరుసుగా ఉంటే ఇంకా తొందరగా పగులుతుంది. ఆ పగుళ్లకు జనం తారునే తిడతారు గానీ, తప్పు కింద ఉంది. నల్లరేగడికి సున్నం కలిపితే ఉబ్బడం తగ్గుతుంది. లేదంటే ఉబ్బని గ్రావెల్‌ను 60 సెంటీమీటర్ల నుంచి మీటరు మందం వరకు పరిచి, ఆపైన రోడ్డు కట్టాలి. సాగర్ కుడి కాలువ నీళ్లు పారే పొలాల మధ్య వెళ్లే రోడ్లకు పక్క కాలువలు కూడా లోతుగా తీయాలి. పొలం తడి రోడ్డు పునాదిలోకి ఊరకుండా ఆపేది అవే.