చీకటికి మరో మాట

కాంగ్ క్యొంగ్ ఏ నవల 'మానవ సమస్య' చివరి ఘట్టాన్ని తెలుగు చేయబోయి నేను చీకటి దగ్గర ఆగిపోయాను. 2009లో వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్ని ముందు పెట్టుకుని, మూలంలోని మాటల్ని నిఘంటువులో వెతుక్కుంటూ సాగిన పని అది. కొరియా జపాను పాలన కింద ఉండగా, 1934లో తొంగా ఇల్బో దినపత్రికలో ధారావాహికగా వచ్చిన నవల. పల్లెలో భూస్వామి అత్యాచారానికి గురైన సొన్‌బి, ఇంచొన్ రేవుపట్నంలో దారం మిల్లులో చేరి క్షయతో చనిపోతుంది. ఆమెను చిన్నప్పటినుంచీ ప్రేమించిన రేవుకూలీ ఛొజ్జె కళ్ళముందు ఆ శవం ఒక నల్లని ముద్ద అవుతుంది. అది పెరిగిపెరిగి అతనికి ముందున్నదేదీ కనబడకుండా చేస్తుంది.

మొదటి ప్రతిలో "అతని కళ్ళు చీకట్లు కమ్మాయి" అని రాశాను. సలక్షణమైన తెలుగే, కాని తప్పు. మనకు కళ్ళు చీకట్లు కమ్మేది ఆకలికీ నీరసానికీ. కొరియా జాతీయంలో కళ్ళముందు చీకటి కావటమంటే దిక్కు తోచకపోవటం. ఛొజ్జె పడిపోవటం లేదు, నిలబడి చూస్తున్నాడు. నా వాక్యం కార్మికుణ్ణి మూర్ఛపోగొట్టింది.

రెండోసారి "గాఢాంధకారం అలుముకుంది" అన్నాను. అది మరీ అన్యాయం. చీకటిని దోపిడీకీ వెలుగును విప్లవానికీ వాడి వాడి మనం పడికట్టు మాటలు చేసేశాం. (ఆ పాపంలో నాకూ వాటా ఉంది.) కొరియావాళ్ళకూ ఈ అలవాటు లేకపోలేదు. జపాను పాలన చివరి ఏళ్ళను వాళ్ళ సాహిత్యచరిత్ర 'చీకటి కాలం' అంటుంది. 1945 ఆగస్టు 15 నాటి విముక్తికి వాళ్ళ పేరు 'క్వాంగ్‌బొక్', అంటే వెలుగు తిరిగి రావటం. అందుకే అనువాదకుడికి పాత ముద్ర కొట్టెయ్యటం సులువు. ఈ రచయిత్రి మాత్రం ముందు ఒక శవాన్ని చూపించి, అక్కడినుంచి మానవ సమస్యకు వెళ్ళింది. నేను శవాన్ని వదిలేసి నినాదాన్ని ఉంచాను.

మరో చిక్కు మాటల నిర్మాణంలోనే ఉంది. 'ఖమ్‌ఖమ్' అంటే ఏమీ కనబడని చీకటి. హల్లు నొక్కి 'కమ్‌కమ్' అంటే అదే మరింత గట్టిగా. అచ్చు మార్చి 'ఖొమ్‌ఖొమ్' అంటే గుహలోనో మబ్బుపట్టిన ఆకాశంలోనో ఉండే బరువైన మసక. మనకూ గలగల, గిలగిల ఉన్నాయి గాని అవి చప్పుడుకూ కదలికకూ. వెలుగుకు తళతళ, మిలమిల, ధగధగ, మిణుకుమిణుకు ఉన్నాయి. చీకటి వైపు వెతికితే నాకు దొరికింది మసకమసక ఒక్కటే. కనుక ఆ తేడాల్ని విశేషణాల్లో కాక క్రియల్లో పట్టుకోవాలి. చీకటి ముసురుతుంది, దిగుతుంది, చిక్కబడుతుంది, విడుతుంది. పల్లెల్లో అందరూ అనే మాటలే ఇవి.

కొన్నిచోట్ల చీకటి ఊసే అక్కర్లేదు. హ్యొన్ జిన్‌గొన్ 1924లో రాసిన 'అదృష్టదినం' కథలో రిక్షా లాగే మనిషి తాగి ఇల్లు చేరేసరికి జబ్బుమనిషి దగ్గు వినబడదు. పసివాడు పాలు లేని రొమ్ము చీకుతున్న చప్పుడొక్కటే ఉంటుంది. అక్కడ అనువాదకుడు ముచ్చటపడి ఒక 'చిమ్మచీకటి' చేరిస్తే కథ చెడుతుంది.

కొత్తదనం మోజు కూడా ప్రమాదమే. కొరియాలో చెవి చీకటి అయిందంటే చెవుడు వచ్చిందనే. "ముసలమ్మ చెవుల్లో చీకటి" అని రాస్తే మన పాఠకుడు ఆహా అంటాడు, మూలం చదివినవాడెవడూ అనడు. 'దీపం కింద చీకటి' సామెత మాత్రం వాళ్ళకూ మనకూ ఒకటే. హాయిగా వాడుకోవచ్చు.

ఇక ఛొజ్జె దగ్గరికి వస్తే, 'ముద్ద' కూడా నన్ను ఇబ్బంది పెట్టింది. తెలుగులో ముద్ద అనగానే అన్నం గుర్తొస్తుంది, గడ్డ అంటే పుండు. చివరికి 'మూట' అన్నాను. కొరియా మాటకూ ఆ అర్థం ఉంది. రేవులో బతికినవాడికి చచ్చిన మనిషి నల్లని మూటలా కనబడి, ఆ మూట పెరిగి దారికి అడ్డం పడటం కుదిరింది. ఆ పేరాలో ఇప్పుడు చీకటి అన్న మాట ఒక్కసారి కూడా లేదు.