గ్రాఫులో విరుగుతున్న తెలుగు అక్షరం

ఎండల తీవ్రతపై ప్రజలను హెచ్చరించేందుకు ఒక గ్రాఫు గీశారనుకుందాం. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, గీత కూడా సరైన చోటే పైకి లేచింది. కానీ నిలువు అక్షం పక్కన ‘ఉష్ణోగ్రత’ అని ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు కనిపిస్తున్నాయి. పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో తొలిసారి తెలుగులో గ్రాఫు గీసేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఇది.

2017లో విడుదలైన 2.0 వెర్షన్ నుంచి మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తాను ఎంచుకునే ఫాంటు డెజావు శాన్స్. అందులో గ్రీకు, రష్యన్ అక్షరాలు ఉన్నాయి గానీ తెలుగు లేదు. యూనికోడ్‌లో ‘ఉ’ సంఖ్య 3081. ఆ సంఖ్యకు తగిన అక్షర రూపం ఫాంటులో దొరకనప్పుడు దాని స్థానంలో గడి పడుతుంది. ఈ గళ్లకు ‘టోఫు’ అని పేరు. అవి కనిపించకూడదన్న లక్ష్యంతోనే గూగుల్ తన ఫాంట్ల కుటుంబానికి ‘నోటో’ అని పేరు పెట్టింది.

గళ్లను పోగొట్టడం తేలికే. నోటో శాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును దింపుకొని, ప్రోగ్రాము మొదట్లోనే ఫాంటు కుటుంబంగా దాని పేరు ఇవ్వాలి. 2022 నాటి 3.6 వెర్షన్ నుంచి ఒకటికి మించిన ఫాంట్ల పేర్లూ ఇవ్వవచ్చు. మొదటి దానిలో లేని అక్షరాన్ని తర్వాతి దానిలో వెతుకుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ‘ఉష్ణోగ్రత’ కంటికి నాలుగు అక్షరాలే అయినా కంప్యూటరుకు తొమ్మిది సంకేతాలు: ఉ, ష, పొల్లు, ణ, ఓత్వం, గ, పొల్లు, ర, త. వీటిలో ఏది ఒత్తుగా కిందికి దిగాలో, గుణింతం దేనికి చేరాలో తేల్చే పనిని అక్షర సంయోజనం అనవచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో ఈ పనిని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరు చేస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మాత్రం చాలా వెర్షన్లలో సంకేతాలను వరుసగా పేర్చి ఊరుకుంటుంది. ఫలితంగా ‘ఉష్‌ణోగ్‌రత’ వంటి రూపం వస్తుంది.

గళ్లు పడితే తప్పు ఇట్టే తెలుస్తుంది. విరిగిన ఒత్తులు అలా కాదు. తెలుగు చదవడం రానివారు గ్రాఫును తయారుచేస్తే, అక్షరాలు కనిపిస్తున్నాయి కదా అని అలాగే విడుదల చేసేస్తారు. చదివేవారు మాత్రం పదం దగ్గరే ఆగిపోతారు. లేదా ఇంత అజాగ్రత్తగా రాసినవారి అంకెలను మాత్రం నమ్మడమెలా అనుకుంటారు.

దీనికి ఒక దారి గ్రాఫును ఎస్‌వీజీ రూపంలో దాచడం. మామూలుగా మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆ ఫైలులో అక్షరాలను గీతలుగా మార్చేస్తుంది. ‘ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్’ అనే అమరికకు ‘నన్’ అని ఇస్తే పాఠ్యాన్ని పాఠ్యంగానే ఉంచుతుంది. అప్పుడు ఒత్తులను అమర్చే బాధ్యత బ్రౌజరుది. అందులో పదాలను వెతకవచ్చు కూడా. అయితే చూసేవారి పరికరంలో తెలుగు ఫాంటు ఉండాలి. ఆర్ భాషలో జీజీప్లాట్2 వాడేవారు రాగ్ ప్యాకేజీతో బొమ్మను దాచితే, హార్ఫ్‌బజ్ సాయంతో ఒత్తులు సరిగ్గా కుదురుతాయి.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందుగా ఒక చిన్న పరీక్ష మంచిది. ‘స్త్రీ’, ‘ఉష్ణోగ్రత’, ‘వర్షపాతం’ అనే మూడు పదాలతో ఒక ఖాళీ గ్రాఫు గీసి, తెలుగు చదవగలిగిన ఒకరికి చూపించాలి. వారు తడుముకోకుండా చదివితే ఆ గ్రాఫు జనంలోకి వెళ్లవచ్చు.